సర్ థామస్ మన్రో

సర్ థామస్ మన్రో (మే 27, 1761 - జూలై 6, 1827) ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి, పరిపాలకుడు. నేడు రాయలసీమగా పిలువబడే దత్తమండలమునకు 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగాను, 1820 నుండి మరణించువరకు మద్రాసు గవర్నరుగాను పనిచేశాడు. ప్రభుత్వము మధ్యవర్తులు లేకుండా నేరుగా రైతుతోనే శిస్తు ఒప్పందము చేసుకొనే రైత్వారీ పద్ధతిని దక్షిణ భారతములో స్థిరపరచిన వారిలో ముఖ్యుడు. కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా వ్యాధితో మరణించాడు. భూమిపై హక్కు ఎవరిది, పండిన పంటలో ప్రభుత్వ భాగమెంత అనే రెండు ప్రశ్నలకు ఆయన ఇచ్చిన సమాధానాలు రాయలసీమలో భూమి విలువను, అప్పుల తీరును, గ్రామాల సంపదను తరతరాలపాటు ప్రభావితము చేశాయి.

బాల్యము, కుటుంబము

మన్రో స్కాట్లండులోని గ్లాస్గో నగరములో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారము చేసేవాడు. ఆ వ్యాపారము ప్రధానముగా అరువు మీద నడిచేది. గ్లాస్గో వర్తకులు వర్జీనియా తోటల యజమానులకు సరుకులు అరువిచ్చి, పంట చేతికి వచ్చిన తరువాత పొగాకు రూపములో బాకీ రాబట్టుకొనేవారు. 1775లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధము మొదలు కాగానే ఆ బాకీలు వసూలయ్యే దారి మూసుకుపోయింది. గ్లాస్గో వర్తకులలో అనేకులు చితికిపోయారు. మన్రో తండ్రి కూడా దివాలా తీశాడు.

థామస్ గ్లాస్గో విశ్వవిద్యాలయములో చదివాడు. గణితము, రసాయనశాస్త్రములపై ఆసక్తి చూపేవాడు. స్పానిష్ నవల డాన్ క్విక్సోట్‌ను మూలములోనే చదవాలని ఆ భాషను స్వయముగా నేర్చుకున్నాడు. కొంతకాలము ఒక వర్తక సంస్థ లెక్కల కార్యాలయములో పనిచేశాడు. తండ్రి వ్యాపారము కూలిన తరువాత జీవనోపాధికై ఈస్టిండియా కంపెనీ పదాతిదళములో క్యాడెట్‌గా చేరి, 1780 జనవరిలో మద్రాసు చేరుకున్నాడు. తన జీతములో కొంత భాగమును తల్లిదండ్రులకు పంపుతూ ఉండేవాడు. సముద్రానికి ఆవల జరిగిన యుద్ధము, చట్టము ఒక కుటుంబ సంపదను ఎలా తుడిచిపెట్టగలవో ఆయన చిన్నతనములోనే అనుభవించాడు.

సైనికోద్యోగము, బారామహల్

మద్రాసు చేరిన ఏడాదే హైదర్ అలీతో రెండవ మైసూరు యుద్ధము ప్రారంభమైనది. మన్రో 1784 వరకు ఆ యుద్ధములోను, తరువాత 1790 - 1792 మధ్య టిప్పు సుల్తానుపై జరిగిన మూడవ మైసూరు యుద్ధములోను పాల్గొన్నాడు. 1792 సంధిలో టిప్పు వదులుకున్న ప్రాంతాలలో బారామహల్ (నేటి తమిళనాడులోని ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతము) ఒకటి. అక్కడ రెవెన్యూ పాలనకు దేశభాషలు తెలిసిన పౌర అధికారులు దొరకకపోవడముతో గవర్నరు జనరలు కారన్‌వాలిస్ ఆ పనిని కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ అనే సైనికాధికారికి అప్పగించాడు. రీడ్‌కు సహాయకులుగా నియమితులైన వారిలో మన్రో ఒకడు.

మన్రో బారామహల్‌లో ఏడేళ్ళు పనిచేశాడు. గ్రామాలు తిరిగి, కరణాల లెక్కలు పరిశీలించి, రైతులతో స్వయముగా మాట్లాడి శిస్తు నిర్ణయించే పద్ధతి ఇక్కడే రూపుదిద్దుకున్నది. కంపెనీ వర్తక ఉద్యోగులు నేత పనివారిని పిలిపించి, కంపెనీకి తప్ప మరెవరికీ బట్ట అమ్మబోమని ఒప్పుకునే వరకు కాపలా పెట్టి నిర్బంధించడమును కూడా ఆయన ఇక్కడ చూశాడు. తరువాత ఈ విషయమును బ్రిటిష్ పార్లమెంటు ఎదుట తెలియజేశాడు.

కెనరా

1799లో శ్రీరంగపట్టణము పతనమై టిప్పు మరణించిన తరువాత మైసూరు వ్యవహారాల పరిష్కారానికి ఏర్పడిన సంఘానికి మన్రో, జాన్ మాల్కంలు కార్యదర్శులుగా పనిచేశారు. పిదప మన్రో పశ్చిమ తీరములోని కెనరాకు కలెక్టరుగా వెళ్ళాడు. అక్కడ ఉన్నది కొద్దికాలమే అయినా ఆయన ఆలోచనలపై ఆ ప్రాంత ప్రభావము అధికము. కెనరాలో భూమి ప్రైవేటు ఆస్తిగా చలామణీ అయ్యేది. దానిని అమ్మడము, తాకట్టు పెట్టడము, వారసులకు పంచడము వాడుకలో ఉండేవి. పూర్వపు పాలకుల కాలములో శిస్తు తక్కువగా ఉండడమే దీనికి కారణమని మన్రో గ్రహించాడు. శిస్తు చెల్లించిన తరువాత రైతుకు ఏమైనా మిగిలితేనే ఆ భూమిని కొనడానికి ఎవరైనా ముందుకు వస్తారు. మిగులు లేని భూమికి చట్టము ఎంత హక్కు కల్పించినా సంతలో ధర పలకదు. ఈ సూత్రము ఆయన తరువాతి ప్రతిపాదనలన్నింటికీ ఆధారమైనది.

దత్తమండలములో

1800 అక్టోబరు 12న కుదిరిన సంధి ప్రకారము హైదరాబాదు నిజాము, తన రాజ్యములో కంపెనీ సైన్యమును పోషించే ఖర్చు క్రింద బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతాలను, కర్నూలు జిల్లాలోని కొన్ని భాగాలను కంపెనీకి వదులుకున్నాడు. ఇవే దత్తమండలముగా ప్రసిద్ధికెక్కాయి. రాయలసీమ అనే పేరు 20వ శతాబ్దములో వాడుకలోకి వచ్చినది. కెనరా నుండి వచ్చిన మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా నియమితుడై అనంతపురములో నివాసము ఏర్పరచుకున్నాడు. ఆయన క్రింద నలుగురు సహాయ కలెక్టర్లు ఉండేవారు. ఏడాదిలో అధిక భాగము డేరాలలోనే గడుపుతూ గ్రామము నుండి గ్రామానికి కచేరీని తరలించేవాడు.

పాళెగాళ్ళు

అప్పటికి ఈ ప్రాంతములో సుమారు 80 మంది పాళెగాళ్ళు సొంత కోటలు, సాయుధ బలగాలతో ఉండి గ్రామాల నుండి తామే శిస్తు వసూలు చేసుకొనేవారు. మన్రో వారిపై కఠినముగా వ్యవహరించాడు. సైన్యము సహాయముతో కోటలను స్వాధీనము చేసుకొని, ఎదిరించినవారిని తొలగించి, లొంగినవారిలో చాలామందికి భరణాలు ఏర్పాటు చేశాడు. ఈ కాఠిన్యమును లండనులోని కంపెనీ డైరెక్టర్లు ఆక్షేపించారు. ప్రతిఘటన పాళెగాళ్ళకే పరిమితము కాలేదు. 1801లో నేటి కర్నూలు జిల్లాలోని తెర్నేకల్లు గ్రామస్థులు శిస్తు విషయమై తిరగబడగా తహశీల్దారు హతుడయ్యాడు. కంపెనీ సేన మొదటి దాడిలో విఫలమై, ఆ తరువాతనే ఆ ఊరి కోటను పట్టుకోగలిగింది.

భూముల కొలత

1802లో మన్రో భూముల సర్వే ప్రారంభించాడు. 33 అడుగుల గొలుసుతో పొలాలను కొలిచేవారు. ఆ గొలుసు పొడవు, వెడల్పులు గల చదరము ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరము. కొలత పూర్తయిన తరువాత నల్లరేగడి, ఎర్రనేల, మాగాణి, మెట్ట, తోట అనే భేదాలను బట్టి భూములను తరగతులుగా విభజించి, ఊరి రెడ్డి, కరణము, రైతుల సమక్షములో ఒక్కొక్క పొలానికి శిస్తు నిర్ణయించేవారు. ఇంత విశాలమైన ప్రాంతములో ప్రతి పొలమునూ విడివిడిగా లెక్కలోకి తేవడము ఆ కాలానికి అసాధారణమైన కార్యము.

శిస్తు, పట్టా

ప్రతి ఏటా జమాబందీలో రైతు ఆ సంవత్సరము సాగు చేసే భూమికి శిస్తు ఖరారు చేసి పట్టా ఇచ్చేవారు. శిస్తును నాణెముల రూపములో, కిస్తుల వారీగా చెల్లించాలి. పశువులు, విత్తనాలు కొనుటకు, బావులు త్రవ్వుటకు ప్రభుత్వము తకావి అప్పులు ఇచ్చేది. ఒక రైతు శిస్తు చెల్లించలేకపోతే, పదోవంతుకు మించని మేరకు ఆ లోటును గ్రామములోని మిగిలిన రైతులపై వేసే నిబంధన కూడా ఉండేది.

కాగితముపై నిష్పక్షపాతముగా కనిపించే ఈ పద్ధతి మెట్ట ప్రాంతపు రైతుకు రెండు విధాలైన చిక్కులు తెచ్చినది. వాన పడినా పడకపోయినా శిస్తు మొత్తము ఒకటే. పంటకు ధర రాకముందే కిస్తు గడువు వస్తే రైతు కళ్ళములోనే ధాన్యమును అగ్గువకు అమ్ముకోవాలి, లేదా షావుకారు వద్ద వడ్డీకి తేవాలి. ఈ విధముగా ప్రభుత్వ ఖజానాకు చేరే వరహాల వెనుక గ్రామపు అప్పుల సంత ఒకటి పెరుగుతూ వచ్చినది.

1807 ప్రతిపాదన

ఈ లోపమును మన్రో గుర్తించాడు. తాను నిర్ణయించిన శిస్తు మొత్తము పంటలో సుమారు 45 శాతమునకు సమానమని, ఆ స్థాయిలో భూమి రైతుకు ఆస్తి కాజాలదని అభిప్రాయపడ్డాడు. ప్రభుత్వ భాగము మూడోవంతుకు తగ్గాలని, అందుకై సర్వే రేట్లను 25 శాతము తగ్గించి, ఇక పెంచకుండా శాశ్వతము చేయాలని 1807 ఆగస్టులో ప్రతిపాదించాడు. బావుల క్రింద సాగయ్యే భూములకు ఇంకా కొంత అదనపు తగ్గింపు కోరాడు. రైతు తన ఇష్టప్రకారము భూమిని ఉంచుకొనే, వదులుకొనే స్వేచ్ఛ ఉండాలని కూడా సూచించాడు. యుద్ధాల ఖర్చుతో ధనము అవసరమైన మద్రాసు ప్రభుత్వము ఈ తగ్గింపునకు అంగీకరించలేదు.

కౌలు పద్ధతి

1807 చివరిలో మన్రో సెలవుపై స్వదేశానికి వెళ్ళాడు. మరుసటి ఏడాది దత్తమండలము బళ్ళారి, కడప జిల్లాలుగా విడిపోయింది. బెంగాలులో 1793లో అమలైన శాశ్వత జమీందారీ పద్ధతిపై మొగ్గు గల మద్రాసు రెవెన్యూ బోర్డు, రైత్వారీని తొలగించి గ్రామాలను మొత్తముగా కౌలుకిచ్చే విధానము ప్రవేశపెట్టినది. మొదట మూడేళ్ళకు, తరువాత పదేళ్ళకు ఈ కౌళ్ళు సాగాయి. ఊరి రెడ్డి లేదా బయటి గుత్తదారు గ్రామము మొత్తానికి ఒక పైకము ఒప్పుకొని, రైతుల నుండి వసూలు చేసుకోవాలి. శిస్తు ఎక్కువగా ఉండడము వలన వానలు లేని ఏళ్ళలో గుత్తదారులు బాకీ పడ్డారు. చాలామంది ఆస్తులు పోగొట్టుకున్నారు, కొందరు చెరసాల పాలయ్యారు. రైత్వారీకి అనుకూలముగా వాదించిన వారిలో మన్రో సహాయకుడైన విలియం థాకరే ముఖ్యుడు.

పార్లమెంటు ఎదుట సాక్ష్యము

1813లో కంపెనీ సనదు పునరుద్ధరణ సందర్భముగా మన్రో బ్రిటిష్ పార్లమెంటు విచారణలో సాక్ష్యమిచ్చాడు. భారతదేశముతో వ్యాపారము చేసే ఏకైక హక్కును కంపెనీ నుండి తొలగిస్తే ఇంగ్లీషు సరుకుకు ఇక్కడ పెద్ద గిరాకీ ఏర్పడునని నాటి బ్రిటిష్ వర్తకుల ఆశ. మన్రో ఆ ఆశను బలపరచలేదు. ఇక్కడివారి అవసరాలు స్వల్పమని, దేశీయ వస్త్రాలు చౌకగాను మన్నికగాను ఉంటాయని తెలిపాడు. తాను ఏడేళ్ళు వాడిన ఒక శాలువ దాదాపు చెక్కుచెదరలేదని ఉదాహరణగా చెప్పాడు. వ్యవసాయ నైపుణ్యములోను, గ్రామ పాఠశాలల విషయములోను, అతిథి మర్యాదలోను భారతీయులు ఐరోపావారికి తీసిపోరని వివరించాడు.

ఆ ఏడాది చట్టము కంపెనీ గుత్తాధిపత్యమును చైనా వ్యాపారము, తేయాకులకు పరిమితము చేసి భారత వ్యాపారమును ఇతర బ్రిటిష్ వర్తకులకు తెరిచినది. మన్రో అంచనా ఈ ఒక్క విషయములో తప్పినది. యంత్రాలపై నేసిన చౌక బట్ట కొద్ది దశాబ్దాలలో దక్షిణాది మగ్గాలను దెబ్బతీసింది. వస్త్రాలు ఎగుమతి చేసే దేశము వాటిని దిగుమతి చేసుకొనే దేశముగా మారినది.

న్యాయపాలనా సంస్కరణలు

1814లో మన్రో జేన్ కాంప్‌బెల్‌ను వివాహమాడి, మద్రాసు న్యాయవ్యవస్థను సంస్కరించే సంఘానికి అధ్యక్షుడుగా తిరిగి వచ్చాడు. బెంగాలు నమూనాలో ఏర్పడిన జిల్లా న్యాయస్థానాలు ఖర్చుతోను, జాప్యముతోను కూడినవని, సామాన్య రైతుకు అందుబాటులో లేవని ఆయన వాదన. ఫలితముగా 1816లో వెలువడిన శాసనాలు గ్రామ మునసబులకు, పంచాయతీలకు చిన్న వ్యాజ్యాలు తీర్చే అధికారమిచ్చాయి. పోలీసు, మెజిస్ట్రేటు అధికారాలు జడ్జి నుండి కలెక్టరుకు మారాయి. శిస్తు విధించేవాడు, వసూలు చేసేవాడు, శిక్షించేవాడు ఒకే అధికారి కావడము ఈ సంస్కరణలలోని ప్రమాదమని విమర్శకులు భావించారు. తరువాతి చరిత్ర ఆ విమర్శకు బలము చేకూర్చినది.

1817 - 1818 మరాఠా యుద్ధములో మన్రో కొద్దిపాటి సైన్యముతో బాదామి, బెల్గాం, షోలాపూరు కోటలను జయించాడు.

మద్రాసు గవర్నరు

1820 జూన్ 10న మన్రో మద్రాసు గవర్నరుగా బాధ్యతలు స్వీకరించాడు. జమీందారీలు లేని జిల్లాలలో రైత్వారీని సాధారణ పద్ధతిగా నెలకొల్పాడు. పదమూడేళ్ళ క్రితము తాను కోరిన శిస్తు తగ్గింపు దత్తమండలములో ఈయన కాలములోనే అమలులోకి వచ్చినది. భారతీయులను ఉన్నత పదవులకు దూరముగా ఉంచడము వారి శీలమును దిగజార్చునని, వారికి బాధ్యతాయుతమైన ఉద్యోగాలివ్వాలని 1824 డిసెంబరు నాటి తన నివేదికలో వాదించాడు. అయితే పత్రికలకు స్వేచ్ఛనివ్వడమును వ్యతిరేకించాడు. విదేశీ పాలన, స్వేచ్ఛా పత్రికలు ఒకచోట ఇమడవని ఆయన నమ్మకము.

1822లో రాజధాని పరిధిలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసినదిగా కలెక్టర్లను ఆదేశించాడు. 12,498 పాఠశాలలలో 1,88,650 మంది విద్యార్థులు చదువుతున్నట్లు తేలినది. బళ్ళారి కలెక్టరు ఎ.డి.కాంప్‌బెల్ 1823లో తన జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు తెలిపాడు. ఐరోపా బట్టల వలన నేతపని తగ్గడము, దేశీయ దర్బారుల స్థానములో ఐరోపా అధికారులు రావడముతో సొమ్ము జిల్లాలో ఖర్చుకాక బయటకు పోవడము వలన ప్రజలు పిల్లలను చదివించే స్తోమత కోల్పోయారని ఆయన వ్రాశాడు. మన్రో కోరిన విద్యా లెక్కలలో ఈ విధముగా దత్తమండలపు ఆర్థిక క్షీణత కూడా నమోదైనది.

ఆర్థిక సిద్ధాంతాలు, రైత్వారీ

కారన్‌వాలిస్ శాశ్వత జమీందారీ వెనుక ఒక సిద్ధాంతము ఉన్నది. శిస్తును శాశ్వతముగా నిర్ణయించి, పెద్ద భూస్వాములకు పూర్తి హక్కు కల్పిస్తే వారు లాభాపేక్షతో భూమిని అభివృద్ధి చేస్తారని దాని సారాంశము. మన్రో దీనిని అంగీకరించలేదు. ఈ దేశములో అట్టి భూస్వాముల వర్గము చాలాచోట్ల లేదని, చట్టముతో దానిని సృష్టించడము అనర్థమని భావించాడు. ఆయన వాదనకు ఆధారము గ్రంథాలకంటే గ్రామాల ఆచారము, కరణాల లెక్కలు.

1817లో డేవిడ్ రికార్డో తన అర్థశాస్త్ర గ్రంథములో భూమి కౌలు సిద్ధాంతమును వివరించాడు. సాగు ఖర్చు, సాధారణ లాభము పోగా మంచి భూమిపై మిగిలే అదనపు ఆదాయమే కౌలు అని, అది యజమాని శ్రమ వలన వచ్చినది కాదని దాని తాత్పర్యము. 1819లో కంపెనీ లండను కార్యాలయములో చేరిన జేమ్స్ మిల్ దీనిని భారతదేశానికి అన్వయించి, ఆ మిగులును భూస్వామికి బదులు ప్రభుత్వమే గ్రహించడము న్యాయమన్నాడు. ఈ విధముగా రైత్వారీకి కొత్త సమర్థకులు లభించారు. కాని ఉద్దేశములో తేడా ఉన్నది. మిల్ దృష్టిలో మిగులు ప్రభుత్వానిది. మన్రో కోరినది అందులో కొంత రైతు చేతిలో మిగలాలని. మిగులునంతటినీ ఖజానా తీసుకుంటే పట్టా కేవలము శిస్తు చీటీగా మిగిలిపోతుంది.

మరణము

మన్రో పదవికి రాజీనామా చేసి, స్వదేశానికి వెళ్ళేముందు 1827లో దత్తమండలములో చివరి పర్యటనకు బయలుదేరాడు. శిబిరములో కలరా సోకగా జూలై 6న పత్తికొండలో మరణించాడు. గుత్తిలో ఖననము చేశారు. 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఆయన స్మారకముగా పత్తికొండలో బావి త్రవ్వించి తోపు నాటించారు. ఫ్రాన్సిస్ చాంట్రీ మలచిన గుర్రపు విగ్రహమును 1839లో మద్రాసులో ప్రతిష్ఠించారు. గుర్రానికి జీను, రికాబులు లేకపోవడము ఆ విగ్రహపు విశేషము.

తరువాతి పరిణామాలు

మన్రో మరణానంతరము మద్రాసు రాజధానిలో ధాన్యము ధరలు చాలాకాలము పడిపోయాయి. శిస్తు రూకలలో స్థిరముగా ఉండడము వలన, అదే మొత్తము చెల్లించుటకు రైతు ఎక్కువ ధాన్యము అమ్మవలసి వచ్చినది. రేటు పెరగకపోయినా భారము పెరిగినది. వసూళ్ళ కొరకు రెవెన్యూ, పోలీసు సిబ్బంది రైతులను హింసిస్తున్నట్లు 1855లో విచారణ సంఘము నిర్ధారించినది. ఆ తరువాత కొత్త సర్వే, శిస్తు సవరణలు మొదలయ్యాయి. ధరలు కోలుకొని భూమిపై మిగులు ఏర్పడిన చోట పట్టాకు విలువ వచ్చినది. పట్టాకు విలువ రాగానే దానిపై అప్పు పుట్టినది, అప్పు తీరనిచోట భూమి చేతులు మారినది.

మన్రో ఏర్పరచిన భరణాల వ్యవస్థ నుండి మరొక సంఘటన పుట్టినది. నొస్సము పాళెగాళ్ళ వంశముతో సంబంధము గల ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణము వచ్చేది. బంధువుల భరణములో వాటా నిరాకరించడము, ఇనాము భూములను ప్రభుత్వము స్వాధీనము చేసుకోవడము అనే కారణాలతో ఆయన 1846లో తిరుగుబాటు చేశాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరి తీశారు.

ఓర్వకల్లు గల కర్నూలు ప్రాంతము మన్రో కాలములో నవాబు ఏలుబడిలో ఉండేది. 1839లో కంపెనీ నవాబును తొలగించిన తరువాత ఇక్కడా రైత్వారీ అమలైనది. 2021లో ఓర్వకల్లులో ప్రారంభమైన విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు.

ప్రజల జ్ఞాపకములో

దత్తమండలములో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనే అలవాటు ఉండేది. మంత్రాలయములో రాఘవేంద్రస్వామి బృందావనము వద్ద మన్రోకు స్వామి దర్శనమిచ్చి మాట్లాడినట్లు, కడప జిల్లా గండి క్షేత్రములో ఆయనకు బంగారు తోరణము కనిపించినట్లు జనశ్రుతి. తిరుమలలో నైవేద్యమునకు వాడే ఒక గంగాళము మన్రో పేరుతో ప్రసిద్ధము.

చరిత్రకారులలో ఆయనపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. రమేశ్‌చంద్ర దత్తు వంటి జాతీయవాద ఆర్థిక చరిత్రకారులు ఆయన సానుభూతిని మెచ్చుకుంటూనే, శాశ్వతమైన తక్కువ శిస్తు అనే ఆయన ఆశయమును తరువాతి ప్రభుత్వాలు వదిలివేశాయని విమర్శించారు. ఆయన ఏర్పరచిన వ్యవస్థ కలెక్టరు చేతిలో మితిమీరిన అధికారము ఉంచినదని ఇతరుల అభిప్రాయము. జమాబందీ, పట్టా, ఎకరా, గుంట వంటి మాటలు నేటికీ తెలుగు పల్లెల రెవెన్యూ వ్యవహారములో నిలిచి ఉన్నాయి.